మా ఇసుకలో మొసలి పురుడు

ఆ ఎండాకాలం మా మామ, మా ఆయన ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కుండలో కూడు తింటూ, ఒకరితో ఒకరు మాట్లాడటం మానేశారు. మధ్యలో నేను తపాలా డబ్బానైపోయాను. అంతటికీ కారణం ఒక మొసలి. నవ్వకండి. కృష్ణ ఒడ్డున దేవసూగూరులో కాపురం చేస్తే తెలుస్తుంది. ఎండాకాలం వచ్చిందంటే మాకు చుట్టాలకన్నా ముందు మొసళ్లే వస్తాయి.

ముందు మా మామ సంగతి చెప్పాలి. పేరు దుర్గప్ప. వయసులో ఉన్నప్పుడు పుట్టి నడిపి జనాన్ని ఏరు దాటించేవాడు. ఇప్పుడు నీళ్లు తగ్గాక బయటపడే ఇసుక దిబ్బ మీద గుంతలు తీసి, పశువుల ఎరువు వేసి, దోసకాయలు, పుచ్చకాయలు పండిస్తాడు. ఎండాకాలమంతా మాకు కూడు పెట్టేది ఆ దిబ్బే. ఆయన కుడిచేతికి చివరి రెండు వేళ్లు లేవు. నేను కోడలిగా రాకముందే, వల లాగుతుంటే మొసలి పట్టుకుపోయింది. ఇంటికి ఎవరొచ్చినా నేను నీళ్లిచ్చేలోపే ఆ చెయ్యి చూపించి కథ మొదలుపెడతాడు. ఏట్లో ఏ మొసలి తల ఎత్తినా "ఇదే! నా వేళ్లు తిన్నది ఇదే!" అంటాడు. ఆ రెండు వేళ్లను ఎన్ని మొసళ్లు తిన్నాయో ఆ దేవుడికే తెలియాలి.

ఇక మా ఆయన ఈరన్న. బొగ్గుతో కరెంటు తీసే ఫ్యాక్టరీలో బూడిద ఎత్తే కాంట్రాక్టు కూలీ. తనతో పనిచేసే మహదేవప్ప అనే పెద్దమనిషి వెంట, దసరా నుంచి ప్రతి ఆదివారం రాయచూరులో బుద్ధ విహారానికి పోవడం మొదలుపెట్టాడు. సూగూరేశ్వరుడు ఊళ్లోనే ఉండగా బుద్ధుడి కోసం బస్సెక్కాలా అని నేను మొదట్లో గొణిగాను. కానీ చెప్పొద్దూ, కూరలో ఉప్పు తక్కువైతే కంచం విసిరికొట్టే మనిషి, తనే లేచి వెళ్లి ఉప్పు డబ్బా తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. అది చూసిన పూట బుద్ధుడికి కూడా ఒక దండం పెట్టుకున్నాను.

ఐదు మాటల మీద నిలబడతానని ఒట్టు పెట్టుకొచ్చాడు. ప్రాణం తీయను, దొంగతనం చేయను, పరాయి ఆడదాని వైపు చూడను, అబద్ధం ఆడను, తాగను. నాలుగింటికీ నేను సంబరపడ్డాను. ఆ మొదటిదే మా కొంప ముంచబోయింది.

ఉగాది దగ్గర పడుతున్న రోజులు. పొద్దున్నే మా ఆయన వసారాలో మఠం వేసుకుని కళ్లు మూసుకున్నాడు. నేను పేడ ఎత్తుతున్నాను.

"కండ్లు మూసుకొని ఏం చూస్తున్నవయ్యా?"

"ఊపిరి చూస్తున్న."

"అది యాడికి పోతది? ఇగో, బర్రె తాడు తెంపుకొని పోతున్నది. దాన్ని చూడు."

నవ్వాడేగానీ కోపం తెచ్చుకోలేదు. లేచిపోయి బర్రెను కట్టేసి వచ్చి మళ్లీ కూర్చున్నాడు. మైత్రి అని, అందరి మంచీ ఎట్లా కోరుకోవాలో చెప్పాడు. మొదలు నాకు మంచి జరగాలి అనుకోవాలట. తర్వాత మనకు ఇష్టమైనవాళ్లకు. తర్వాత ముక్కూ మొహం తెలియనివాళ్లకు. ఆఖరుకు గిట్టనివాళ్లకు.

"గిట్టనోళ్లకా? అంటే బసవ్వకా?" అన్నాను. మా పక్క దిబ్బ బసవ్వది. కిందటేడు ఆమె మేకలు మా పాదులు తిని పోయాయి. "ఆమెకు మంచి జరిగితే మేకలు ఇంకో రెండు కొంటది. నా దోసపాదులు ఖతం!"

ఆయన ఏదో చెప్పబోయేంతలో మామ ఏటి దిక్కు నుంచి రొప్పుతూ వచ్చాడు. తలగుడ్డ చేతిలో ఉంది.

"సుమంగళా! పార యాడుంది? జల్ది తే!"

"ఏమైంది మామా?"

"మొసలి మన దిబ్బ మీద గుడ్లు పెట్టింది. దోసపాదుల నడుమ! తవ్వి అన్నీ పగలగొడ్త!"

ఊపిరి చూడటం ఆ పూటకు అయిపోయింది. ముగ్గురం పరుగెత్తాం.

నీళ్ల నుంచి పాదుల దాకా కడుపు ఈడ్చుకుపోయిన జాడ, నడుమ తోక గీసిన గీత. మామ చలికాలంలో గింజలు చాలక ఒక గుంత ఉట్టిగానే వదిలేశాడు. మెత్తగా తవ్వి పెట్టిన గుంత కదా, ఆ మహాతల్లి వెతుక్కోకుండా అందులోనే గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, పైన చదును చేసి పోయింది. నా నోరు ఊరుకుంటుందా?

"నువ్వే పురుడు గది తవ్వి, బొట్టు పెట్టి పిలిచినట్టుంది గద మామా!"

మామ నా దిక్కు ఒక చూపు చూసి పార ఎత్తాడు. అంతలో మా ఆయన పోయి ఆ గుంత ముందు మఠం వేసుకుని కూర్చున్నాడు.

"లేరా."

"లేవను నాయ్నా. నీ వేళ్లు తిన్నది ఇవి గావు. ఇంకా కండ్లు గూడ తెరువలే."

"తెరిచినంక తింటయి. మొసలి పిల్ల మొసలే అయితది గాని మేకపిల్ల అయితదా?"

"అయినప్పుడు చూద్దాం. చుట్టు తుమ్మకంప వేద్దాం. పిల్లలైనంక అవే ఏట్లకు పోతయి."

"ఈ దిక్కే దోస మంచిగ కాస్తదిరా! దాన్ని మొసలికి రాసిస్తవా? రేపు అది నీ పెండ్లాం కాలు పట్టుకుంటే గప్పుడు గూడ గిట్లనే కూసుంటవా?"

కాలు నాది కదా! "నా కాలు సంగతి నన్నడగరేందయ్యా ఇద్దరు?" అన్నాను. ఎవరూ వినలేదు.

మామ పార విసిరికొట్టాడు. "వీనికి బుద్ధుడు నాయనైండు. నేనెవర్ని? సుమంగళా, చెప్పు నీ మొగనికి, ఇగ నాతోని మాట్లాడొద్దని. ఆ గుడ్లన్న ఉండాలె, నేనన్న ఉండాలె. అవి పిల్లలైన దినం నేను తుర్విహాళల మా చెల్లె ఇంటికి పోత. మళ్ల ఈ గడప తొక్క."

మా మామ ఉత్త మాట అనే మనిషి కాదు. ఒకసారి ఊరి బావి దగ్గర పంచాయితీలో పెద్దన్న మీద అలిగి, ఆయన చావుకు కూడా వాళ్లింటికి పోలేదు. గుడ్లు పగిలితే మా ఆయన ఒట్టు పోతుంది. పిల్లలైతే మామ పోతాడు. ఏది జరిగినా కొంపలో ఒకరు మిగలరు.

ఏటి దిక్కు దారి వదిలి, మిగతా మూడు దిక్కులా కంప వేశాం. తండ్రీకొడుకుల నడుమ కూడా పడింది ఒక కంప. చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని, "సుమంగళా, వాన్నడుగు, పాలు పిండిండా అని" అంటాడు మామ. "పిండిన అని చెప్పు" అంటాడు ఈయన. "పిండిండట మామా" అంటాను నేను. కొన్నాళ్లకు ఒళ్లు మండి "ఇద్దరికీ చెవులున్నయి గద, నా నోరెందుకు అరగదీస్తరు?" అని కేకలేశాను. "చూసినవా, నా కోడలికి గూడ నేను బరువైన" అన్నాడు మామ. ఏం చెప్పను!

అయితే ఒకటి ఒప్పుకోవాలి. మా ఆయన ఆ మాటలకు ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. పొద్దున్నే మామకు వేడినీళ్లు కాచి పెట్టేవాడు. డ్యూటీ నుంచి వస్తూ ఆయన వక్కాకు మరిచిపోకుండా తెచ్చి గూట్లో పెట్టేవాడు. మామ తీసుకునేవాడుగానీ ఎవరు తెచ్చారని అడిగేవాడు కాదు.

పాదులకు నీళ్లు పోసే పని నాది. ఏట్లో కడవ ముంచాలంటే పై ప్రాణాలు పైనే. కంపకు అవతల నీళ్లలో రెండు కళ్లు, ఒక ముక్కు తేలుతూ కనిపించేవి. నేను ఎటు నడిస్తే అవి అటు తిరిగేవి. ఇంటికొచ్చి ఏడుపు మొహం పెడితే మా ఆయన అన్నాడు, "భయమైనప్పుడు ఊపిరి చూడు. దాని మంచి కోరు. దానికి గూడ నిన్ను చూస్తే భయమే."

"నువ్వు ఫ్యాక్టరీల ఉండి చెప్తవ్. నా కాళ్లకు చెప్పు ఆ మాట!"

అన్నానేగానీ, మర్నాడు మిట్టమధ్యాహ్నం అది ఒడ్డుకు మరీ దగ్గరగా వచ్చింది. చేతిలో కడవ తొణుకుతోంది. ఇంకేం తోచక గట్టిగా మొదలుపెట్టాను.

"ఓ తల్లీ, నీ మొగం మండ, నువ్వు సుఖంగుండు! నీ పిల్లలు సుఖంగుండాలె! నా కాళ్లు గూడ సుఖంగుండాలె! నువ్వు అటే ఉండు, నేను ఇటే ఉంట!"

పక్క దిబ్బ నుంచి బసవ్వ పడీ పడీ నవ్వింది. "ఏమే సుమంగళా, మొసలితోని వియ్యమందుతున్నవా?"

సాయంత్రం మా ఆయనకు చెబితే ఆయనా నవ్వాడు. "అదేనే మైత్రి అంటే."

"తిట్టు గూడనా?"

"తిట్టు మెల్లమెల్లగ తగ్గియ్యి."

తగ్గలేదనుకోండి. కానీ రోజూ చెప్పడం అలవాటైంది. నీళ్లు ముంచే ముందు సుఖంగుండు, ముంచాక దూరంగుండు. చెబుతుంటే కడవ తొణకడం మానేసింది. అప్పుడుగానీ నేను దాన్ని సరిగ్గా చూడలేదు. మా రాయచూరు ఎండ సంగతి తెలుసుగా, ఇసుక మీద శనగలు పోస్తే వేగిపోతాయి. ఆ ఎండలో కూడా అది నీళ్లు వదిలి వచ్చి, గుంత పక్కన నోరు తెరుచుకుని పడుకునేది. కుక్క వస్తే లేచి తరిమేది, మళ్లీ వచ్చి అక్కడే పడేది. నాకు పాపమనిపించింది. మొసలి మీద పాపమేమిటే నీ తెలివి తెల్లారా అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా అనిపించింది.

మామ మాత్రం పార నూరుతూనే ఉన్నాడు. బండ మీద బరబరా శబ్దం. "ఏదో ఒక దినం వాడు డ్యూటీకి పోయినంక చూస్త" అని నాకు వినపడేలా అనేవాడు. మా ఆయనకు తెలుసు. "నాయ్న దిక్కు ఒక కన్నేసి పెట్టు" అని నన్ను బతిమాలాడు.

"ఒక కన్ను మొసలి మీద, ఒక కన్ను మామ మీద. ఇగ పొయ్యి మీది కూర ఎవరు చూడాలె?"

బుద్ధ పున్నమి దగ్గర పడింది. అందరం విహారానికి పోదామని మా ఆయనకు ఆశ. మామను కూడా పిలవమని నాతోనే చెప్పించాడు. మామ వినపడనట్టు పార నూరుకున్నాడు. మర్నాడు పొద్దున మా ఆయన డ్యూటీకి పోగానే, రొట్టె కూడా తినకుండా పార భుజాన వేసుకుని బయల్దేరాడు.

నేను పిండి చేతులతోనే ఉరికాను. "మామా, వద్దు!"

"నువ్వు గూడ వాని దిక్కేనా?"

"నేను ఎవరి దిక్కూ గాదు! అది చూసిందంటే నిన్ను మింగుతది. మిగిలిన వేళ్లు గూడ మాకు దొరకవు!"

వింటేగా! ఫ్యాక్టరీకి ఫోన్ కొడదామంటే ఫోన్ ఇంట్లోనే మరిచాను. మామ కంప లాగి లోపలికి దిగాడు. పార తల మీదికి ఎత్తాడు. నేను కళ్లు మూసుకున్నాను.

ఎంతకీ దెబ్బ పడిన చప్పుడు కాలేదు. కళ్లు తెరిస్తే, మామ పార అట్లాగే ఎత్తి పట్టుకుని తల పక్కకు వంచి వింటున్నాడు. తర్వాత పార కింద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, చెవి ఇసుకకు ఆనించాడు.

"సుమంగళా," అన్నాడు మెల్లగా. "లోపల పిలుస్తున్నయి."

నాకూ వినిపించింది. ఇసుక కింద నుంచి కుయ్ కుయ్ మంటూ, కుక్కపిల్లలు గోనెసంచిలో మూలిగినట్టు. ఒకటి కాదు, బోలెడు గొంతులు. మామ లేవలేదు. చెవి తీయలేదు. నేను ఏట్లోకి చూశాను. ఆ రెండు కళ్లు మా మీదికే వస్తున్నాయి.

"మామా! లే! వచ్చింది, వచ్చింది!"

మామ చెయ్యి పట్టుకుని కంప బయటికి లాగాను. పార అక్కడే మిగిలిపోయింది. మొసలి నీళ్ల నుంచి లేచి, పాదుల మీదుగా, పుచ్చకాయలు పటపటా పగులుతుంటే నడుచుకుంటూ వచ్చింది. ముందు కాళ్లతో ఇసుక తోడింది. చిన్నచిన్న తలలు, తోకలు, గిలగిలా. అది మూతి కిందికి పెట్టింది. ఒకదాన్ని నోట్లో వేసుకుంది. ఇంకొకదాన్ని. ఇంకొకదాన్ని.

"తింటున్నది!" మామ కేక వేశాడు. "అయ్యో! కన్నపిల్లల్ని తింటున్నది! నీ కడుపు కాల, సొంత పిల్లలే తల్లీ!"

పక్కనే బోర్లించిన తన పాత పుట్టి మీద తెడ్డు ఉంటే లాక్కుని మొసలి మీదికి ఉరికాడు. నేను పంచె పట్టుకుని ఆపబోయాను. పంచె నా చేతిలో మిగిలింది, మామ నిక్కరు మీదే కంప దూకాడు. నేను ఊరంతా వినపడేలా అరిచాను. అందరికన్నా ముందు ఎవరొచ్చారనుకున్నారు? బసవ్వ! ఖాళీ డబ్బా ఒకటి, కర్ర ఒకటి పట్టుకుని డబడబా కొడుతూ వచ్చింది.

మొసలి నోటినిండా పిల్లలతో నీళ్ల దిక్కు తిరిగింది. మామ వెనకాలే ఇసుక ముద్దలు విసురుతున్నాడు. "వదులు! వదులుతవా లేదా! ఇంకా కండ్లు గూడ సరిగ తెరువలే, వదులు వాటిని!" రెండు నెలలుగా పార నూరిన మనిషి. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నీళ్ల అంచుకు చేరి మొసలి నోరు తెరిచింది. తల అటూ ఇటూ ఆడించింది. పిల్లలు ఒక్కొక్కటే జారి నీళ్లలో పడి, తోకలు ఊపుకుంటూ ఈదాయి. ఒక్కటి కూడా నలగలేదు.

మామ చేతిలోని తెడ్డు జారిపోయింది.

"తింటలేదు సుమంగళా," అన్నాడు. "మోసుకపోతున్నది. నోట్ల పెట్టుకొని మోసుకపోతున్నది." కొంచెం ఆగి అన్నాడు, "పిల్లల్ని తింటదనే చెప్పె మా నాయన. వాళ్ల నాయన గూడ గట్లనే చెప్పెనట. ఎవ్వరు ఆఖరు దాంక నిలబడి చూసినట్టు లేరు."

అది మళ్లీ మళ్లీ వచ్చి మోసింది. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం. బసవ్వ నా చెయ్యి పట్టుకుంది, నేను విడిపించుకోలేదు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఎవరింట్లోనో కాన్పు జరిగితే గుమ్మం బయట నిలబడతామే, అట్లా ఉంది.

ఆఖరున మామ కాలి దగ్గర తీగల కింద ఏదో కదిలింది. ఒక పిల్ల దారి తప్పి ఇటు వచ్చింది. మామ వంగి, ఆ మూడు వేళ్ల చేత్తోనే దాన్ని ఎత్తాడు. అది ఊరుకుంటుందా? నడిమి వేలు పట్టుకుని కొరికింది.

"అబ్బా! మీ అమ్మ రెండు తిన్నది, నువ్వు మూడోది తింటవానే!"

అని, నవ్వాడు. ఆ ఎండాకాలంలో మామ నవ్వడం అదే మొదలు. అంతలో నీళ్లు కదిలాయి. తల్లి మళ్లీ ఒడ్డెక్కింది. ఈసారి నేరుగా మామ దిక్కు.

నాకు అన్నింటికీ నోరుంది. అప్పుడు మాత్రం మాట రాలేదు. నా ఊపిరి నాకు వినిపించింది, అంతే. మామ పరుగెత్తలేదు. మెల్లగా వంగి, పిల్లను తడి ఇసుక మీద పెట్టాడు. వెన్ను తిప్పకుండా ఒక్కో అడుగు వెనక్కి వేశాడు. మొసలి వచ్చి ఆగింది. ఆయన్ను చూసింది. తల పక్కకు వంచి పిల్లను నోట్లోకి తీసుకుని నీళ్లలోకి దిగిపోయింది.

బసవ్వ ఫోన్ నుంచి కబురు పెడితే మా ఆయన బూడిద మొహంతో బండి మీద వచ్చేసరికి, ఇసుకలో పెంకులు మిగిలాయి. కంప లాగేసి ఉంది. గుంత తవ్వి ఉంది. పక్కన పార పడి ఉంది. ఆయన పెంకులు చూశాడు, పార చూశాడు. నాయన పనే అనుకున్నాడు. వంగి ఒక పెంకు చేతిలోకి తీసుకున్నాడు.

"యాడ సచ్చినవ్‌రా ఇంత సేపు? అంతా అయిపోయింది!" అన్నాడు మామ.

అలవాటు కొద్దీ నేను మా ఆయన దిక్కు తిరిగాను. "యాడ సచ్చినవని అడుగుతున్నడు మీ నాయ్న..."

"నువ్వు ఊకో సుమంగళా," అన్నాడు మామ. "నేను నా కొడుకుతోని మాట్లాడుతున్న."

కథంతా మామే చెప్పాడు. నెత్తురు కారే వేలు చూపించి మరీ చెప్పాడు. పంచె సంగతి ఒక్కటి దాచాడు, అది బసవ్వ చెప్పింది. మా ఆయన నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు, బూడిద కళ్లలో పడిందన్నాడు. అబద్ధం ఆడనని ఒట్టు పెట్టుకున్న మనిషి! నేను గుర్తుచేయలేదు. ఆ పూట బసవ్వకు రెండు పుచ్చకాయలు నేనే ఎత్తి ఇచ్చాను. నా గిట్టనివాళ్ల జాగా ఖాళీ అయిపోయిందని చెబితే, తొందరేం లేదు, మళ్లీ ఎవరో ఒకరు దొరుకుతారన్నాడు మా ఆయన.

మర్నాడు పొద్దున వసారాలో మా ఆయన పక్కన మామ కూడా వచ్చి కూలబడ్డాడు. నేను పేడ తట్ట పట్టుకుని ఆగిపోయాను.

"తుర్విహాళకు, మీ చెల్లె ఇంటికి బస్సెక్కవా మామా?" అన్నాను.

"వానలు పడనీ, చూద్దాం." నా దిక్కు చూడకుండానే కొడుకును అడిగాడు. "నాకు కండ్లు మూసుకునుడు రాదు. తెరుచుకునే కూసుంట, నడుస్తదా?"

"నడుస్తది నాయ్నా."

"ఎవరితోని మొదలువెట్టాలె?"

"మొదలు నీతోనే. నాకు మంచి జరగాలె అనుకో."

మామ కట్టు కట్టిన వేలు చూసుకున్నాడు.

"నా సంగతి తర్వాత. ముందు ఈ కొరికినదాని సంగతి చూద్దాం," అని ఏటి దిక్కు తిరిగి కూర్చున్నాడు.